నల్ల చీటీ, కళ్లజోడు

పదకొండు రోజులుగా ఆ ఇంట్లో పొద్దున్నే టీ రెండుసార్లు కాగుతోంది. అత్తగారు తనకూ కొడుక్కూ పెట్టి గిన్నె కడిగేస్తుంది. డ్యూటీకి వెళ్లే ముందు కోడలు మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టుకుంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పేపరులో మొహం దాచుకోవడం తప్ప ఆ కొడుక్కి వేరే ఉపాయం తోచలేదు, పాపం.

కోడలు ఆసుపత్రిలో నర్సు. పదకొండు రోజుల కిందట ఒక బస్సు బోల్తా పడి ఒకేసారి పంతొమ్మిది మందిని తెచ్చారు. ఉన్న డాక్టర్లు ఇద్దరే. ఎవరిని ముందు చూడాలో తేల్చి చేతికి చీటీ కట్టడం ఆమె పని. ఎర్రదైతే వెంటనే లోపలికి, నల్లదైతే ఇక ఆశ లేదని. ఊపిరి ఆడుతున్న ఒక పెద్దాయనకు ఆమె నల్లది కట్టింది. ఆయన అత్తగారి సొంత అన్నయ్య. ఎండైనా వానైనా గొడుగు లేనిదే గడప దాటడు కాబట్టి కొడుక్కి గొడుగు మామయ్య. కోడలికి పెదనాన్న వరస.

ఆయన సామాన్ల సంచి ఇన్నాళ్లకు ఇంటికొచ్చింది. విరిగిన గొడుగు, మట్టికొట్టుకున్న చెప్పులు, కళ్లజోడు. వాటిని చూడగానే అత్తగారి మౌనం తెగిపోయింది.

"ప్రాణమున్న మనిషిని పక్కన పడేయడానికి నీకు చేతులెలా వచ్చాయే? చంపడానికీ దీనికీ తేడా ఏంటి?"

"అమ్మా..." అన్నాడు కొడుకు.

"నువ్వు పేపరు చదువుకో!"

కోడలు టీ గ్లాసు కింద పెట్టింది. "పక్కనే ఒకమ్మాయి ఉంది అత్తయ్యా. ఆపరేషన్ చేస్తే బతికేలా ఉంది. పెదనాన్నకు చేసినా దక్కరనిపించింది."

"అనిపించిందా! పడుచువాళ్ల ప్రాణం బంగారం, ముసలాళ్ల ప్రాణం తవుడా?"

"వయసు చూడలేదు. దెబ్బ చూశాను."

"అక్కడ నేను పడుంటే?"

పేపరు కిందికి దిగింది. ఒక్క అబద్ధం చెబితే ఆ పూటకు గొడవ తీరిపోయేది.

"అదే దెబ్బైతే మీకైనా నల్లదే కట్టేదాన్ని." అంది కోడలు. "ఆ అమ్మాయి నిన్న లేచి నడిచింది. కానీ అరగంటలో పోతారనుకున్న పెదనాన్న మూడు గంటలున్నారు. నా పొరపాటేం లేదని డాక్టరు అన్నారు. అయినా ఇప్పుడు ఏ చీటీ కట్టాలన్నా రెండేసిసార్లు చూసుకుంటున్నాను అత్తయ్యా."

అత్తగారి చేతిలో కళ్లజోడు ఉంది. ఒక అద్దం పగిలినా, రెండూ నలుసు లేకుండా శుభ్రంగా ఉన్నాయి.

"ఇదెవరు తుడిచారు?"

"నేనే. చీటీ కడుతుంటే, 'కళ్లజోడేదమ్మా, ఏం కనపడట్లేదు' అన్నారు. అప్పుడు వెతికే తీరిక లేదు. అందరి పనీ అయ్యాక వెతికి తెచ్చి పెట్టాను. నన్ను చూసి, 'ఓ, నువ్వేనా తల్లీ! ఇక పర్లేదు' అన్నారు. చీటీ కట్టింది నేనేనని ఆయనకు తెలీదు. చివరిదాకా చెయ్యి పట్టుకునే కూర్చున్నాను."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, కోడలి గ్లాసులో చల్లారిన టీ పారబోసి, ముగ్గురికీ సరిపడా గిన్నె పొయ్యి మీద పెట్టింది.

"నాకూ నల్లదే కట్టు," అంది వెనక్కి తిరగకుండానే. "కానీ నా కళ్లజోడు వెతకడం మాత్రం మర్చిపోకు."