గ్రాఫులో సరళరేఖ

టైలర్‌ని పట్టపగలు పదింటికి చంపారు. శత్రుదేశపు రాజధానిలో పద్నాలుగేళ్ళుగా సైనికాధికారులకు కోట్లు కుడుతూ, వాళ్ళ జేబుల్లోని రహస్యాలు స్వదేశానికి చేరవేస్తున్న ఏజెంట్ అతను. కొలతలిచ్చేందుకు వచ్చిన పెద్దమనిషి చేతులు చాపి నిలబడి, టైలర్ టేపుతో వెనక్కి రాగానే అతన్ని కన్నతల్లి పెట్టిన పేరుతో పిలిచాడు. టైలర్ ఉలిక్కిపడి "ఆఁ" అన్నాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది.

ఆ పేరు లోకంలో ఒకే ఒక్క ఫైల్లో ఉంది. ఆ ఫైలు హెడ్డాఫీసు సర్వర్లో ఉంది.

మర్నాడు పదకొండున్నరకి ఏజెంట్ కొరివి చీఫ్ ముందు నిలబడ్డాడు. కోపంలో అతను ఓ చూపు చూస్తే చల్లారిన టీ మళ్ళీ పొగలు కక్కుతుందనీ, ఓసారి లిఫ్టు జడుసుకుని అడగని అంతస్తుకి పారిపోయిందనీ ఆఫీసులో చెప్పుకుంటారు. అందులో ముప్పాతిక తీసేసినా, మిగిలిన పాతికతో ఊరు తగలబడుతుంది.

"ఆ ఫైల్లో ఇంకెవరున్నారు?"

"ఇంకొక్కరే. పూలకొట్టు."

పూలకొట్టంటే అతని సొంత చెల్లెలు. టైలర్ వీధికి రెండు వీధుల అవతల గులాబీలు అమ్ముతుంది.

"వెంటనే బయటపడమని చెప్పండి!"

"ఎవరితో చెప్పించనయ్యా? ఆ అమ్మాయికి కబురు వెళ్ళే దారి టైలర్ ఒక్కడే."

"ఫైలెలా బయటికి పోయింది?"

"పోలేదు! మన నెట్‌వర్కులోంచి చీమ కూడా దాటలేదు. కాపలా కాసే ప్లగిన్ నిమిషానికోసారి 'ఓకే' అంటోంది. ఆడిటర్ మేడం కూడా చూసి సంతకం పెట్టింది."

"టైలర్ కూడా ఓకేనేనా సార్?"

చీఫ్ కంట్రోల్ రూం వైపు చెయ్యి చూపించాడు.

పదిహేను నిమిషాల తర్వాత ఏసీ మెకానిక్ ఒకడు నిచ్చెన భుజాన వేసుకుని కంట్రోల్ రూం తలుపు కొట్టాడు.

"చలికాలంలో ఏసీ ఎవరికి?" లోపలి గొంతు కోడ్‌వర్డ్ అడిగింది.

"కోపం ఉన్నవాడికి."

తలుపు తీసిన ఆపరేటర్ ఎగాదిగా చూశాడు. "రండి కొరివి సార్. మీసం ఎడంపక్క ఊడింది."

కొరివి మీసం పీకి జేబులో పడేశాడు. "నీ ప్లగిన్ సంగతి చెప్పు. తొందరగా."

నల్లటి తెర మీద ఒక్క కమాండ్ కొడితే ప్లగిన్ అనే చిట్టి ప్రోగ్రాం ఒక్కో ఇంటర్‌ఫేస్‌ని, అంటే వైరు వచ్చి తగిలే ఒక్కో గుమ్మాన్ని, పలకరించి వస్తుంది. లోపలికెంత వచ్చింది, బయటికెంత పోయింది, తప్పులెన్ని. ఒకే లైన్లో జవాబు. బయటికి పోయేది వైరు మోయగలిగినదాంట్లో ఎనభై శాతం దాటితే వార్నింగ్, తొంభై దాటితే క్రిటికల్, ఆపైన సైరన్.

"గ్రాఫు చూపించు."

వారం రోజుల గీతలు తెర మీద పరుచుకున్నాయి. అన్నీ ముళ్ళకంచెలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కానీ రోజూ ఒకచోట మాత్రం గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా.

"ఇదేంటి?"

"అది... గీత సార్."

"నా కంటికి కనిపిస్తోంది. బతికున్న వైరు ఇంత తిన్నగా నడవదు. ఇక్కడ ఎవడూ కొలవలేదు. రెండు చుక్కలు కలిపి గీత లాగేసింది గ్రాఫు!"

ఆపరేటర్ చేతిలోని స్టీలు లంచ్‌బాక్స్‌ని వెనక్కి దాచుకున్నాడు. "భోజనాల టైం సార్. సైరన్ మోగితే ముద్ద దిగటంలేదని చీఫ్‌గారు ఆ అరగంట ప్లగిన్ ఆపించేశారు. ఆర్నెల్లయింది. ఆ సలహా ఆడిటర్ మేడందే."

"మీరు ప్రశాంతంగా నమలడానికి అక్కడ మనిషిని కాల్చేశారయ్యా!" కొరివి అరుపుకి కిటికీ అద్దాలు గడగడలాడాయి. "టైంకి అన్నం తిన్నాడో లేదో ఆ టైలర్ని ఎవడైనా అడిగాడా?"

గోడ గడియారం పన్నెండు దాటి మూడు నిమిషాలు. ప్లగిన్ తనంతట తనే ఆగిపోయి ఉంది. కొరివి కీబోర్డు లాక్కుని, ఒక్కో గుమ్మానికీ చేత్తోనే కమాండ్ కొట్టాడు. పదిహేను, ఓకే. పదహారు, ఓకే.

పదిహేడు. బయటికి: తొంభై నాలుగు శాతం. క్రిటికల్.

"పదిహేడెవరిది?"

"ఆడిట్ గదిది సార్!"

ఫొటోలు, వేలిముద్రలు, గొంతు రికార్డింగులు కలిపి ఒక్కో ఏజెంట్ వివరాలూ కొండంత. మామూలు వేళ పంపితే సైరన్ గోలపెడుతుంది. మొన్న భోజనాల వేళ టైలర్ వివరాలు పోయాయి. ఇవాళ చెల్లెలివి పోతున్నాయి.

"మూసెయ్!"

"పాస్‌వర్డ్ చీఫ్‌గారి దగ్గరుంది సార్. ఆయన భోజనంలో ఉన్నారు."

"అయితే వైరు ఏదో చెప్పు!"

"చేతులెత్తండి." ముందు సెంటు వాసన, దాని వెనక నల్లకళ్ళద్దాల ఆడిటర్ మేడం లోపలికొచ్చారు. గోళ్ళరంగుకి సరిపోయే ఎర్రటి పిస్టల్. "ఇంకో నిమిషం ఓపిక పట్టండి. మీ చెల్లెలి ఫొటో చాలా బావుంది. మీ ముక్కే."

కొరివి చేతులెత్తాడు. అతని చేతిగడియారంలో మత్తుసూది ఉంది. కాకపోతే దాన్ని వదలాలంటే రెండో చేత్తో నొక్కాలి. గాడ్జెట్ల విభాగంవాళ్ళు శత్రువు చేతులెత్తమంటాడన్న సంగతి ఆలోచించలేదు.

"ఆరు నెలలు వాళ్ళ పక్కన కూర్చుని తిన్నావు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"వాళ్ళు తినేటప్పుడు తలెత్తరు. నాకు అదే కావాలి."

ఆ మాట ఆపరేటర్‌కి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నిండు లంచ్‌బాక్స్ గాల్లోకి లేచి ఆవిడ మణికట్టు మీద ఠంగున పడింది. పిస్టల్ పేలి గుండు సీలింగులో దిగింది, పిస్టల్ జారి ఆపరేటర్ కాళ్ళ దగ్గర పడింది.

"పసుపు వైరు సార్! కింది వరస, చివరిది!"

కొరివి రెండు చేతులా పట్టి పీకాడు. పసుపుదానితోపాటు ఇంకో నాలుగు ఊడొచ్చాయి. అవతల ఆడిట్ గది తెర మీద ఫైలు తొంభై తొమ్మిది శాతం వెళ్ళి ఆగిపోయింది. పూర్తిగా చేరని ఫైలు అవతలివాడికి తెరుచుకోదు. కొరివి ఆవిడ చేతులు ఆ వైరుతోనే కట్టి, మళ్ళీ కమాండ్ కొట్టాడు. పదిహేడు: డౌన్. బయటికి: సున్నా. ఆ పూట శత్రుదేశపు రాజధానిలో చెల్లెలు ఏమీ తెలియకుండానే గులాబీల మీద నీళ్ళు చల్లుకుంది.

సాయంత్రం చీఫ్ తన అప్రమత్తతని తనే మెచ్చుకుంటూ సర్క్యులర్ తీశాడు. దానితోపాటు కొరివికో మెమో వచ్చింది: అనుమతి లేకుండా ఆఫీసు వైర్లు ఐదు పీకినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

కొరివి కాగితం చిరిగేలా కలం నొక్కి ఒక్క వాక్యం రాశాడు: "భోజనాల టైం కదా సార్, అడుగుదామంటే ఎవరూ లేరు."