పిలుపుల పాయ

నేను ఇంతవరకూ ఏదీ రాసిందాన్ని కాదు. చదువు ఐదో తరగతితో సరి. నలుగురిలో నోరు పెగలదు గనక ఇలా కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలవబోయే చోట మడ అడవి ఉంది. అందులో ఒక సన్నటి పాయకి మంచి పేరు లేదు. పిలుపుల పాయ అంటారు. ఎప్పుడో ఒకావిడ అక్కడ పోటు నీళ్ళలో మునిగి పోయిందట. మబ్బు పట్టినా, పొద్దు వాలినా, గట్టు మీంచి అక్కా, వదినా అని వరస పెట్టి పిలుస్తుందట. పలికారా... ఆ మనిషి ఇక ఇంటికి రాదు. ఇదంతా మాకు పడవ నడిపే శౌరయ్య పొద్దున్నే చెప్పాడు.

మేం కంకిపాడు నుంచి చర్చి ఆడవాళ్ళం పన్నెండు మందిమి, ఆ అడవి చూసి సాయంత్రానికి వచ్చేద్దామని టెంపోలో వెళ్ళాం. తెల్లారినప్పట్నుంచీ ముసురు. రెండు పడవలు మాట్లాడుకున్నాం. అందరం యూరియా సంచులు మడిచి ముసుగుల్లా నెత్తిన వేసుకున్నాం — ఎవరు ఎవరో పోల్చుకోలేం.

ఆ పాయ గట్టు మీదే దిగి నడిచి, తెచ్చుకున్న అన్నాలు తిని లేచేసరికి నాలుగైంది. ఆకాశం నల్లబడిపోయింది. కృప నా చెయ్యి లాగింది.

"వదినా, చెట్ల చాటుకెళ్ళొస్తా. పడవ కదలనీకు."

కృప మా పక్కింటి అమ్మాయి. దేనికైనా ఆలస్యమే. "ప్రభువు రెండో రాకడక్కూడా కృప లేటుగానే వస్తది," అని మా సమాజానికి పెద్ద, శాలిని గారు, ఏడిపిస్తుంటారు.

ఇంతలో శౌరయ్య కేకేశాడు. పోటెక్కుతోంది, గట్టు మునుగుద్ది, ఎక్కండి ఎక్కండి అని. ఒకటే తోపులాట. నన్ను ముందు పడవలోకి నెట్టారు. చూస్తే కృప లేదు. ఆగండి అందామనుకున్నాను... నోరు రాలేదు. అడిగితే నవ్వుతారేమో, వెనక పడవలో ఎక్కి ఉంటదిలే, అనుకున్నాను. వెనక పడవ వాళ్ళు మా పడవలో ఉందనుకున్నారు.

పాయ మలుపు తిరిగాం. చుట్టూ చీకటి పడ్డట్టే ఉంది.

అప్పుడు, వెనక గట్టు వైపు నుంచి —

"వదినా..."

నా పక్కనున్న శాలిని గారు సంచి చెవుల మీదికి లాక్కున్నారు.

"వదినా... నేనిక్కడున్నా..."

"పలక్కండి," అన్నాడు శౌరయ్య గుసగుసగా. "ఎనక్కి చూడకండి."

"కృప గొంతులా ఉందండీ," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

శాలిని గారు విన్నారు. నా మోకాలు గట్టిగా పట్టుకున్నారు. "అది తెలిసిన గొంతుతోనే పిలుస్తదమ్మా. పాడు."

రెండు పడవల్లోనూ అందరూ కీర్తన అందుకున్నారు. పిలుపు పెరిగిన కొద్దీ పాట పెంచారు. రోజూ గోడ మీంచి అగ్గిపెట్టె అడిగే గొంతు అది. నాకు తెలుసు. అయినా శాలిని గారి మాట నాకు హాయిగా అనిపించింది. నేనూ పాడాను. అందరికంటే గట్టిగా పాడాను.

రేవులో దిగి సంచులు తీసి చూసుకుంటే... పదకొండు మంది.

శౌరయ్య నీళ్ళ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఈ పోటులో ఆ పాయలోకి ఏ పడవా పోదు, తెల్లారాల్సిందే అన్నాడు.

టెంపోలో శాలిని గారు అన్నారు — "మనకేం వినపళ్ళేదు. ఎవరడిగినా అదే మాట."

అందరూ ఊఁ అన్నారు. నేనూ అన్నాను.

ఇంటికెళ్ళినా ఉండలేక రాత్రికి రాత్రే రేవుకి తిరిగొచ్చి, తెల్లారగట్ల శౌరయ్యతో నేనొక్కదాన్నే వెళ్ళాను. గట్టు ఇంకా నీళ్ళలోనే ఉంది. కృప ఒక మడచెట్టుని కావలించుకుని కొమ్మ మీద ఉంది. బతికే ఉంది. చేతులు విడిపించడానికి చాలాసేపు పట్టింది. పడవలో పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకున్నాను. గొంతు పూర్తిగా పోయింది, గాలిలాంటి గుసగుసే తప్ప మాట లేదు.

"పాట బాగా వినిపించింది వదినా," అంది.

నా కొంగు తీసి తనకి కప్పాను.

"రాత్రంతా ఒకావిడ నా పక్కనే ఉంది. పడిపోకుండా పట్టుకుంది..." ఆగి ఊపిరి తీసుకుంది. "ఆవిణ్ణీ తనవాళ్ళు ఇలాగే వదిలేసి పోయారంట. పిలుస్తుంటే... పాటలు పాడుకుంటూ పోయారంట."

శౌరయ్య గబగబా పడవ తోశాడు.

"ఆపు," అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ ఎవరితోనూ మాట్లాడలేదు.

చెట్ల వైపు తిరిగాను. "రామ్మా," అన్నాను. "చోటుంది."

ఆకు కదల్లేదు. నీళ్ళలో అలికిడి లేదు. పడవ మాత్రం — ఎవరో కాలు పెట్టినట్టు — ఒక పక్కకి మెల్లగా ఒరిగింది.

నేను కృపని దగ్గరికి లాక్కుని, కాస్త జరిగి కూచున్నాను.