కొట్టేసిన వాక్యం

గ్యాస్ హీటర్లు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో రాతపనంతా యజమాని బావమరిదిదే. మనిషి పనిమంతుడే గానీ, కలం మాత్రం అతని చేతిలో కోతికి దొరికిన కొబ్బరిచిప్పే. పోయిన చలికాలం కరపత్రంలో "మా హీటరు కొనండి, మీ కుటుంబం చల్లగా ఉండాలి" అని అచ్చేయించాడు. చదివిన వాళ్లంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

"దీవించాను కదా బావా!"

"తగలెట్టావులే నీ దీవెన! హీటర్లమ్మేవాడు చల్లగా ఉండమంటాడట్రా?"

అందుకే ఈసారి ఖర్చయితే అయిందని ఒక ఎడిటర్‌ని మాట్లాడుకున్నాడు యజమాని. ఫోన్లో గొంతు బాగా చదువుకున్న మనిషిలా వినిపించింది. సాయంత్రం వస్తానంది.

బయట మంచు దట్టంగా కమ్ముకుంది. పనివాళ్లు వెళ్లిపోయారు. బావమరిది కింద గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతున్నాడు. మేడమీది గదిలో కొత్త రంగు వాసన, రేకు వాసన. తలుపు చప్పుడవలేదు. యజమాని తలెత్తేసరికి ఎదురు కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చలికేమో అనుకున్నాడు.

"కాఫీ తాగుతారా అమ్మా?"

వద్దన్నట్టు తలూపింది. పాత కరపత్రం అందుకుంది. పెన్ను తియ్యలేదు. ఒక్కో లైనునూ వేలితో తడుముతూ చదివింది.

"ఇక్కడ ఇంకో వాక్యం ఉండాలి కదండీ," అంది మెల్లగా. "కిటికీ కొంచెం తెరిచి ఉంచమని."

యజమాని ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి ఈవిడకెలా తెలుసు? బావమరిది వాగి ఉంటాడు.

"ఉండేదమ్మా. నేనే కొట్టేశాను. కిటికీ తెరుచుకుని కూర్చునేదానికి హీటరెందుకని అడగరూ కొనేవాళ్లు?" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు.

"దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదా?"

పోయిన చలికాలం ఒక తల్లీ కూతురూ ఈ హీటరు పెట్టుకుని, గదిలో విషవాయువు నిండి నిద్రలోనే పోయారు. తలుపులన్నీ బిగించుకోవడం వాళ్ల తప్పేనని అందరి ముందూ వాదించి, చేతులు దులుపుకున్నాడు.

"అది... వాళ్ల ఖర్మ," అన్నాడు.

ఆవిడ వేలు ఒక మాట దగ్గర ఆగింది. "మీ బావమరిది రాసింది తప్పు కాదు. మేమిద్దరం చల్లగానే ఉన్నాం."

ఫోను మోగింది. ఎత్తాడు.

"సార్, ఎడిటర్ని. ఈ మంచుకి బస్సు కదలడం లేదు. రేపు రమ్మంటారా?"

కుర్చీ ఖాళీగా ఉంది.

ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉంది. గొళ్లెం పడింది. టక్... రెండో కిటికీ... టక్. మూలనున్న హీటరులో నీలిమంట లేచింది. బుస్... మంటూ సన్నని చప్పుడు. లేవబోయాడు. కాళ్లు రాలేదు. కణతలు పగిలిపోతున్నాయి. కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిద్రొస్తోందా?" చెవి పక్కనే గుసగుస. "మా పాపకీ... ఇలాగే వచ్చింది..."

తలుపు విరిగిన చప్పుడు. బావమరిది అతన్ని చంకల కింద పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చాడు.

"బావా! ఊపిరి తీసుకో బావా! ఎంత పిలిచినా పలకవేం? ఏమైంది?"

"ఆవిడ... లోపల..."

"ఎవరావిడ? నేను కింద మెట్ల పక్కనే పెట్టెలు సర్దుతున్నాను. ఎవరూ పైకి రాలేదు."

గదిలో ఎవరూ లేరు. హీటరు రాయిలా చల్లగా ఉంది. దానికి గ్యాసు గొట్టమే తగిలించలేదు.

"ఆ వాక్యం... మళ్లీ వేయించరా. రేపే వేయించు," అంటూ వెక్కాడు యజమాని. ఆవిడ అన్న పాప మాట గుర్తొచ్చి, ఇంటికి ఫోన్ చేశాడు.

"మీ ఎడిటరుగారు వచ్చారండీ," అంది భార్య, గొంతు తగ్గించి. "చలికి గడ్డకట్టుకుపోయారు పాపం. హీటరు వేసి, మన పాప గదిలో కూర్చోబెట్టాను."

"కిటికీ... కిటికీ తెరువు!"

"ఈ చలిలోనా? ఆవిడే అన్నీ మూసేశారు. అబ్బా, అరవకండి! పిల్లలిద్దరూ ఇప్పుడే నిద్రపోయారు."

వాళ్లకున్నది ఒక్కతే కూతురు.