అలికిన గట్టు

“నీళ్లు కొట్టకండి. అక్కడ ఇండ్లున్నయ్.”

మాదన్నపేటలో తమ బర్రెల కొట్టం కడుగుతున్న ప్రహ్లాద్ పైపుతో సహా తిరిగాడు. ఎదురుగా పట్టకారు పట్టుకున్న అమ్మాయి. పేరు స్రవ్య, ఇల్లు సైదాబాద్, సాలెపురుగుల మీద రీసెర్చ్.

కొట్టం వెనక మట్టిగట్టులో ఒక బొరియకున్న, చొక్కా గుండీ అంత మూతను ఆమె పట్టకారుతో ఎత్తింది. లోపలున్న సాలెపురుగు వెంటనే దాన్ని కిందికి లాగేసుకుంది.

“మా గట్టుల ఉండుకుంట మాకే తలుపేస్తదా?”

ఆమె నవ్వింది. అంతే, ప్రహ్లాద్ పని అయిపోయింది.

“జీనస్ ఇడియోప్స్. అంటే ఇంటిపేరు తెలిసింది. ఏ జాతో తేలాలంటే మగది దొరకాలె. తొలి వానకు బయటికొచ్చి ఆడదాని తలుపు తడతది.”

“గంత ధైర్యమా?”

“నీకంటే ఎక్కువే.”

రెండు నెలలు ఆమె వస్తూనే ఉంది. వానలకు ముందు ఒకరోజు, “రేపు మా మేడమ్ గట్టు చూస్తానికి వస్తుంది” అంది.

“పెద్దోళ్లొస్తున్నరు, జర అలుకు బిడ్డా” అంది ప్రహ్లాద్ తల్లి సుశీలమ్మ. అతనికి పెళ్లిచూపులంత సంబరమైంది. పేడ, ఎర్రమన్ను కలిపి గట్టంతా నున్నగా అలికి, ముగ్గు కూడా వేశాడు. తలుపులున్న పురుగులు వాటిని తెరుచుకుని బయటికి రావా అనుకున్నాడు పిచ్చోడు.

మర్నాడు స్రవ్య ఎండిన అలుకును వేళ్లతో తడుముతూ కూర్చుంది. కింద బొరియలన్నీ పూడిపోయాయి, ఒక్క మూతా లేవలేదు. తిట్టినా బాగుండేది.

“నన్నొక్క మాట అడగాలె కద, ప్రహ్లాద్.”

రీసెర్చ్ వేరేచోట మళ్లీ మొదలుపెట్టడానికి ఆమె పుణె వెళ్లిపోయింది. అతను అలుకంతా గీకేశాడు. ఏటా తొలి వానకు “మగది రాలే” అని మెసేజ్ పెట్టేవాడు. ఆమె “సరే” అనేది.

నాలుగో ఏడు గట్టు చివర కొత్త మూతలు కనిపించాయి. తొలి వాన వెలిసిన సాయంత్రం ప్రహ్లాద్ గట్టు దగ్గరి నుంచే ఫోన్ చేశాడు.

“స్రవ్యా, మగది వచ్చింది. ఇగ నువ్వు రావొచ్చు.”



“మూడేండ్లు సాలెపురుగు ముచ్చటే రాసినవ్. నన్ను రమ్మని ఒక్కసారన్న రాసినవా?”

“అది దొరకకుంట ఏం మొఖం పెట్టుకొని పిలుస్త?”

“పిలిస్తే వస్తుంటి. పోయిన నెల నాకు పెండ్లి ఖాయమైంది, ప్రహ్లాద్.”

మగ సాలెపురుగు ముందుకాళ్లతో ఒక మూతను తడుతోంది. “మగది ఇప్పుడేం చేస్తుంది?” అని ఆమె మెల్లగా అడిగింది.

“తలుపు కొడుతుంది. పట్టి పంపాల్నా?”

“వద్దు. కొట్టనీ.”

మూత కొంచెం లేచింది. జీవితంలో మొదటిసారి ప్రహ్లాద్‌కు ఒక పురుగు మీద అసూయ కలిగింది.