తేనెపెట్టె కింద గిన్నెలు

సత్యదేవ్ మంచి పనే చేశాననుకున్నాడు. వానాకాలం మొదలైతే మారేడ్‌పల్లిలో అందరూ దోమల గురించే మాట్లాడతారు. పక్కింటి పెరట్లో ఓ చెక్కపెట్టె ఉంది. దాని నాలుగు కాళ్ల కింద నాలుగు మట్టి మూకుళ్లు, వాటి నిండా నీళ్లు. గోడ దూకి నీళ్లు పారబోసి, మూకుళ్లను చెత్త ఆటోలో వేశాడు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి దేవిక గోడ దగ్గరికి పిలిచింది. అరవలేదు. అందుకే అతనికి భయం వేసింది.

"నా మూకుళ్లు మీరే తీశారా?"

"అవునండీ. డెంగ్యూ వస్తది కదా. థాంక్స్ గిట్ల ఏమొద్దు."

"చెప్పట్లేదు. ఆ నీళ్లు నేను రోజూ మారుస్తాను. అది తేనెటీగల పెట్టె. నీళ్లు లేకపోతే చీమలెక్కుతాయి. ఎక్కాయి."

"ఎక్కితే?"

"ఈగలన్నీ పెట్టె వదిలేసి ఎగిరిపోతాయి. రెండేళ్లుగా పెంచుతున్నాను. మీ ఇంట్లో సున్నుండల డబ్బా నీళ్ల పళ్లెంలో పెట్టరా?"

"పెడ్తరు. నన్ను ఆపడానికేమో అనుకున్న."

దేవికకు నవ్వొచ్చింది. కోపంలో ఉంది కాబట్టి ఆపుకుంది.

సత్యదేవ్ ఇంట్లో అటకెక్కి నాలుగు స్టీలు గిన్నెలు దించుకొచ్చాడు. కొత్తవి, స్టిక్కర్లు కూడా తీయలేదు. అతను పెట్టెను ఒక్కో కాలు వైపూ ఎత్తి పట్టుకుంటే, ఆమె తడిగుడ్డతో చీమల్ని తుడిచి గిన్నె పెట్టింది. మధ్యలో ఓ ఈగ అతని చెవి మీద కుట్టింది.

"కుట్టింది."

"కదలకండి."

"కదల్లేదు."

"మంచిది."

ఆ రోజు నుంచి సాయంత్రం ఆఫీసు కాగానే వచ్చి నీళ్లు మార్చేవాడు. "ఈగలున్నాయా?" అనేవాడు. "ఉన్నాయి," అనేది. వాన పడితే ఇద్దరూ రేకు కింద నిలబడి పెట్టెనే చూసేవాళ్లు. అతను పెట్టెను కాస్త తక్కువే చూసేవాడు.

ఓ శనివారం దేవిక అంది. "ఈగలు కుదురుకున్నాయి. ఇక మీరు రానక్కర్లేదు."

"నేనొచ్చేది ఈగల కోసం కాదండీ. మీ కోసం."

దేవిక నోరు తెరిచేలోపు గేటు చప్పుడైంది. సత్యదేవ్ తల్లి రాజ్యం నేరుగా వచ్చి, వంగి పెట్టె కాళ్ల కింద చూసింది.

"అటకంతా వెతికాను. ఇవి నా కోడలికని దాచిన గిన్నెలమ్మా."

సత్యదేవ్ కళ్లు దించుకున్నాడు. దేవిక ముఖం ఎర్రబడింది.

"నాకు తెలీదు ఆంటీ. ఇప్పుడే తీసిచ్చేస్తాను."

"తీస్తే చీమలెక్కుతాయా?"

"ఎక్కుతాయి."

రాజ్యం కొడుకుని చూసింది. తర్వాత దేవికని చూసింది.

"అయితే ఉండనీ. ఎవరికివ్వాలో వాళ్లకే వచ్చాయనుకుంటాను. నువ్వేమంటావమ్మా?"

దేవిక వంగి ఓ గిన్నెను పెట్టె కాలి కిందకు సరిగ్గా జరిపింది.

"నీళ్లు రోజూ మార్చాలి ఆంటీ. నా ఒక్కదాని వల్ల కాదు."

సత్యదేవ్ బకెట్ తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు.