ఒక గ్లాసు తక్కువ

బయూమీ చేతిలో మొదట ఉన్నది తొమ్మిది వేల పౌండ్లు. ఆ డబ్బుకి కైరో ఉత్తరపు పేటల్లో టీకొట్టు పెట్టుకోవడానికి గోడవార జాగా కూడా రాదు. కానీ కాలువ పక్కనున్న కరెంటు ప్లాంటు లోపల, మూడో బాయిలర్ పాదాల దగ్గర, ఒక రేకుల షెడ్డు దొరికింది. పొయ్యి, కెటిల్, ఇరవై నాలుగు గ్లాసులు కొన్నాక కూడా జేబులో ఇంకా కొంత మిగిలింది.

అంత చవగ్గా ఎందుకిచ్చారో ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. గ్లాసుకింత, షిఫ్టుకిన్ని గ్లాసులు, నెలకింత అని మనసులోనే కూడేసుకుని వేలిముద్ర వేసినంత తొందరగా సంతకం పెట్టేశాడు.

ఆ చోటుకి ఉన్న పేరు మాత్రం మంచిది కాదు.

మూడో బాయిలర్ అంటే అయిదంతస్తుల ఎత్తు ఇనప పెట్టె. పక్కనే ఉన్న గ్యాసు టర్బైను వదిలే వేడిపొగ దాని కడుపులోకి పోయి నీళ్ళు మరిగిస్తుంది, ఆ ఆవిరి ఇంకో టర్బైనుని తిప్పుతుంది. పెట్టె అడుగున మనిషి వంగి దూరేంత తలుపు ఒకటి. ప్లాంటు కట్టే రోజుల్లో ఒక వెల్డరు లోపల ఉండగానే ఆ తలుపు బిగించేశారని... వాడి పేరు కూడా ఎవరికీ గుర్తు లేదని... యంత్రం ఆగిన రాత్రుల్లో వాడు లోపల్నుంచి తడుతూ ఉంటాడని — అదీ మాట.

బయూమీకి ఈ సంగతి చెప్పింది బాయిలర్ మేస్త్రీ ఉస్తా మెత్వల్లీ. అదీ, అద్దె కట్టేశాక.

"తడితే తెరవాలా ఉస్తా?" అన్నాడు బయూమీ.

"తెరిచినవాడెవడూ తిరిగొచ్చి చెప్పలేదురా. ముందు ఆ టీలో పంచదార వెయ్యి. నీకన్నా ఆ చచ్చినవాడే నయం, ఏమీ దాచుకోడు."

నవ్వులాటే అనుకున్నాడు బయూమీ... యంత్రం మొదటిసారి ఆగేదాకా.

రాత్రి. ఎప్పుడూ చెవులు హోరెత్తించే టర్బైను నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో, ఇనప గోడ అవతల —

టక్... టక్... టక్...

కెటిల్ పొయ్యి మీదే వదిలేసి, చేతిలో గ్లాసుల పళ్ళెంతోనే పరుగెత్తాడు. దారిలో రాత్రి షిఫ్టు ఇంజనీరు నగ్వా ఎదురైంది. అతని మొహం చూసి నవ్వలేదామె. అతని చేతిలోని పళ్ళెం తీసుకుని ఓ పక్కకి వంచింది. గ్లాసులు జరిగి ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి.

"ఇదే నీ దెయ్యం. వేడి మీద టర్బైనుని ఊరికే ఆపేస్తే ఇరుసు వంగిపోతుంది. అందుకని చల్లారేదాకా మెల్లగా తిప్పుతూనే ఉంటాం. లోపలి రెక్కలు కొంచెం వదులుగా ఉంటాయి. పైకొచ్చినప్పుడల్లా జారి టక్కుమంటాయి. బాయిలరు డప్పులాంటిది కదా, నీ షెడ్డు దాకా మోగుతుంది."

"ఎంత మెల్లగా తిప్పుతారు ఇంజనీరుగారూ?"

"నిమిషానికి ఆరు చుట్లు."

షెడ్డుకి తిరిగొచ్చి, గోడకి చెవి పెట్టి సరిచూసుకున్నాడు. నిజమే. చుట్టుకి చుట్టూ ఒకే వరస, ఎక్కడా తడబాటు లేదు. భయం మొత్తం పోలేదు గానీ దానికో లెక్క దొరికింది. తర్వాత్తర్వాత ఆ చప్పుడు వింటూనే టీ ఆకు వేయడం, దించడం అలవాటయింది.

అలా ఉండగా రంజాన్ వచ్చింది. బాయిలర్లో ఒక గొట్టం కారుతోందని మళ్ళీ యంత్రం ఆపారు. పగలంతా ఉపవాసం, పని రాత్రిళ్ళు. తెల్లారేసరికి మళ్ళీ నడిపించి తీరాలని పైనుంచి హుకుం. పేటల్లో అప్పటికే పూటకో గంట కరెంటు పోతోంది.

ఆ తలుపు దగ్గర ఒక కట్టుబాటు ఉంది. లోపలికి పోయే ప్రతివాడూ తన పేరున్న ఇత్తడి బిళ్ళని బయట కొక్కేనికి తగిలించాలి. బయటికొచ్చాక తన చేత్తో తనే తీసుకోవాలి. తండ్రి బిళ్ళనైనా కొడుకు ముట్టకూడదు. కొక్కెం మీద ఒక్క బిళ్ళ ఉన్నా తలుపు బిగించరు.

ఆ రాత్రి గొట్టం అతికేసరికి సహరీ భోజనానికి వేళ మించిపోతోంది. మసీదులో తెల్లవారుజాము బాంగు వినిపిస్తే ఇక మంచినీళ్ళు కూడా తాగకూడదు. మనుషులు ఒక్కొక్కరే చెమటతో తడిసి, తలుపులోంచి పాకుతూ వచ్చి, అటే భోజనాల గదికి పరుగులు తీస్తున్నారు.

"బిళ్ళలు, బిళ్ళలు" అని అరిచాడు మెత్వల్లీ. ఎవడూ ఆగలేదు. "తినే యావ తప్ప..." అని గొణుక్కుంటూ, కొక్కెం మీది బిళ్ళలన్నీ తనే ఒక్క గుప్పిట్లో ఊడ్చి జేబులో వేసుకున్నాడు.

బయూమీ చూస్తూనే ఉన్నాడు.

"అందరూ వచ్చినట్టేనా ఉస్తా?"

"గొట్టాలు అతికే షాజ్లీ ఒక్కడూ కనపళ్ళేదు. ఇల్లు కాలువ అవతలేగా, సహరీకి పెళ్ళాం చేతి చిక్కుడుగింజల ఫూల్ తినకపోతే వాడికి ఉపవాసం నిలవదు. ఎప్పుడో జారుకుని ఉంటాడు."

తలుపు మూశారు. బోల్టులు బిగించారు. ఫోన్లో కంట్రోల్ రూమ్‌కి "అందరూ బయటే" అని చెప్పేసి మెత్వల్లీ కూడా వెళ్ళిపోయాడు.

బయూమీ ఒక్కడే మిగిలాడు.

గ్లాసులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. మెట్ల మీద, పనిముట్ల పెట్టె మీద, నేల మీద. కడిగి బోర్లించి చూసుకుంటే ఒకటి తక్కువ. పగిలిన ముక్కలు లేవు. షెడ్డు వెనక చూశాడు, లేదు. కెటిల్ మూత తీసి కూడా చూశాడు, పిచ్చిగా.

గోడ అవతల రెక్కలు తమ వరసలో తాము టకటకమంటున్నాయి. అలవాటైన చప్పుడే.

దాని వెనక... ఇంకోటి.

ఠక్. ఠక్. ఠక్.

ఆగింది.

ఊపిరి బిగబట్టాడు. రెక్కలు ఒక చుట్టు తిరిగాయి, ఇంకో చుట్టు. వాటి వరసతో పొంతన లేకుండా, మళ్ళీ —

ఠక్. ఠక్. ఠక్.

గోడలోంచి కాదు. తలుపులోంచి.

పారిపోదామనుకున్నాడు. కాళ్ళు వాటంతటవే వెలుతురు వైపు తిరిగాయి కూడా. మెత్వల్లీ మాట చెవిలో మెదిలింది... తెరిచినవాడెవడూ తిరిగొచ్చి చెప్పలేదు.

"ఎవరు?" అన్నాడు.



అప్పుడు మోగింది సైరను. యంత్రం నడపబోతున్నామని ముందుగా చేసే హెచ్చరిక. మొదట గాలి ఊది లోపల నిలిచిన గ్యాసుని తోసేస్తారు. ఆ తర్వాత మంట. మంట అంటుకున్నాక ఆ పెట్టెలోకి వచ్చే పొగ ఆరొందల డిగ్రీలు — నగ్వా ఎప్పుడో చెప్పింది. ఆ లెక్కా అతనికి గుర్తుంది.

దెయ్యమైతే కాలిపోయేదేమీ లేదు. కానీ దెయ్యం లోపలికి టీ గ్లాసు పట్టుకుపోదు కదా...

స్తంభానికున్న ఫోను లాక్కున్నాడు.

"ఇంజనీరుగారూ, ఆపండి."

"ఎవరు? బయూమీనా? ఏమైంది?"

"ఒక గ్లాసు తక్కువ."

అవతల ఎవరో నవ్వారు. కంట్రోల్ రూమ్‌లో చాలామందే ఉన్నట్టున్నారు. తప్పని తేలితే తెల్లారేసరికి షెడ్డు పోతుంది, పెట్టిన డబ్బు పోతుంది.

"మెత్వల్లీ అందరూ బయటే అన్నాడే," అంది నగ్వా.

"బిళ్ళలు ఎవరివి వాళ్ళు తీసుకోలేదండీ. ఆయనే అన్నీ ఊడ్చేశాడు. షాజ్లీ బాబాయ్‌ని బయట ఎవరూ చూళ్ళేదు. తలుపు... తలుపు కొడుతున్నారు."

నవ్వు ఆగిపోయింది. క్షణం తర్వాత సైరనూ ఆగిపోయింది.

పరుగెత్తుకొచ్చినవాళ్ళలో మెత్వల్లీ ముందున్నాడు. నోట్లో రొట్టె ముక్క అలాగే ఉంది, నమలడం మర్చిపోయాడు. బోల్టులు విప్పుతుంటే రెంచి రెండుసార్లు చేజారింది. తలుపు తెరుచుకోగానే లోపల్నుంచి వేడిగాలి మొహాన కొట్టింది.

తలుపు వెనక ఎవరూ లేరు.

టార్చిలైట్లతో పైకెక్కారు. మూడో అంతస్తులో, గొట్టాల మధ్య సందులో, షాజ్లీ పడి ఉన్నాడు. కాలు మడమ దగ్గర మెలిపడి ఉంది. పక్కన టీ గ్లాసు — చల్లారిన టీ అంచు దాకా అలాగే ఉంది.

తాళ్ళు కట్టి దించారు. మొహాన నీళ్ళు కొట్టారు. మెత్వల్లీ జేబులోని బిళ్ళలన్నీ నేల మీద కుమ్మరించి, షాజ్లీ పేరున్నది వెతికి, అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. ఆ మూసిన గుప్పిటనే నుదుటికి ఆనించుకున్నాడు.

షాజ్లీ కళ్ళు తెరిచాడు.

"బాబాయ్, నువ్వు తట్టబట్టి సరిపోయింది," అన్నాడు బయూమీ, అతని తల ఎత్తి పట్టుకుంటూ. "లేకపోతే..."

షాజ్లీ అతని వైపు అదోలా చూశాడు.

"నేనా? టీ పక్కన పెట్టి కూర్చున్నానంతే. లేవబోతే కళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఇదిగో, మీ మొహాలే." గొంతు తగ్గించాడు. "ఈ కాలేసుకుని తలుపు దాకా ఎలా వస్తానురా..."

మెత్వల్లీ ఒక్కసారి తలుపు వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

అంబులెన్సు వెళ్ళిపోయింది. నగ్వా ఈసారి బిళ్ళల్ని నమ్మలేదు. మనిషి మనిషినీ ఎదురుగా నిలబెట్టి పేరు పెట్టి పిలిచింది. టార్చి పట్టుకుని అయిదంతస్తులూ తనే ఎక్కి దిగింది. లోపల ఎవరూ లేరు. తలుపు మళ్ళీ బిగించారు. బాంగు ఎప్పుడో అయిపోయింది, అందరూ నమాజుకి కదిలారు. "అది అయ్యాకే నడుపుదాం," అని ఆమె కంట్రోల్ రూమ్‌కి వెళ్ళింది.

బయూమీ చివరి గ్లాసు కడిగి వరసలో బోర్లించాడు. ఇరవై నాలుగు. సరిపోయాయి.

గోడ అవతల రెక్కలు తమ వరసలో తాము...

ఠక్. ఠక్. ఠక్.

ఈసారి చాలా మెల్లగా. పని అయిపోయినవాడు కూర్చుని, అలవాటు కొద్దీ వేళ్ళతో తట్టినట్టు.

బయూమీ చేయి ఫోను దాకా వెళ్ళింది. ఆగింది. ఎవరికని చెప్పాలి, ఏమని?

కెటిల్లో అడుగున ఇంకా ఒక టీ మిగిలి ఉంది. ఒక గ్లాసు తిప్పి పెట్టి వంచాడు. పంచదార వేశాడు. ఒక చెంచా... ఆగి, ఇంకోటి. ఆగి, మూడోది కూడా.

గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఆ తలుపు వైపు తిరిగి, అడుగు వేయడానికి కుడికాలు ఎత్తాడు.