బియ్యం జాడీలో కత్తి

మల్‌సూన్ ఉల్లికాడల్ని కత్తెరతో కత్తిరించి పులుసులో వేస్తోంది. పని కాగానే కత్తెరను ఏప్రన్ జేబులో వేసుకుంది. వసంతంలో కూతురు హ్యేజిన్ ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడింది. ఆనాటి నుంచి వంటింటి కత్తి బియ్యం జాడీ అడుగున దాక్కుంది, తల్లి గుండె గుప్పిట్లో ఉంది.

"అమ్మా, ఈసారి కిమ్చీ పచ్చడికి కోసి, ఉప్పులో ఊరేసిన క్యాబేజీలే తెప్పిస్తున్నావట?" హ్యేజిన్ గదిలోంచి వచ్చింది.

"మోకాళ్ళు పనిచెయ్యట్లేదే తల్లీ."

"మోకాళ్ళతో కోస్తావా ఏంటి?"

చాన్నాళ్ళకు కూతురు వేసిన ఎకసెక్కం. నవ్వాల్సిన తల్లి, కోత మాట వినగానే జేబులో కత్తెరను తడిమి చూసుకుంది.

కాసేపటికి ఇద్దరూ వీధి చివరి ఆసుపత్రికి వెళ్ళారు. తల్లి షుగరుకీ, కూతురి మనసుకీ అక్కడ ఒక్క డాక్టరే. ఎవరు దేనికొచ్చారో ఎవరికీ పట్టదు. అందుకే హ్యేజిన్ అక్కడికైతే మారాం చెయ్యకుండా వస్తుంది.

"నిద్ర పడుతోంది, మందూ పనిచేస్తోంది," అన్నాడు నో అనే ఆ డాక్టరు. "ఇప్పుడు నీకేం కావాలమ్మా హ్యేజిన్?"

"ఇంట్లో కత్తి కావాలి."

మల్‌సూన్ పైప్రాణాలు పైనే పోయాయి. "వద్దు డాక్టరుగారూ! దీని మాట వినకండి! నిన్ను మళ్ళీ అలా చూసి నేను బతకలేనే!"

"కిమ్చీకి క్యాబేజీ కొయ్యాలమ్మా. ఏటా మనిద్దరం కోసేవాళ్ళం. నన్ను ఇంకా రోగిలాగే కూర్చోబెడతావా?" అంది హ్యేజిన్. "కత్తి ఎక్కడుందో నాకు ఎండాకాలం నుంచీ తెలుసు. బియ్యం తీస్తుంటే చేతికి తగిలింది. నీకు భయం తీరేదాకా ఉండనీ అని, మళ్ళీ అక్కడే పెట్టేశాను."



"మీ షుగరు ఎందుకు దిగట్లేదో ఇప్పుడర్థమైంది. కాపలా కాస్తూ నిద్రెక్కడ పోతున్నారమ్మగారూ?" అన్నాడు డాక్టరు మెల్లగా. తరువాత హ్యేజిన్ వైపు తిరిగాడు. "మనసు మళ్ళీ బరువెక్కితే?"

"ముందు అమ్మకి చెప్తాను. ఆ వెంటనే మీకు."

"సరే. అమ్మ పక్కనుండగా కొయ్యి. అమ్మగారూ, మీకు సమ్మతమైతేనే."

మల్‌సూన్ తలూపింది. దారిలో తనే రెండు నిండు క్యాబేజీలు కొంది.

ఇంటికొచ్చాక బియ్యం జాడీలోంచి కత్తి తీసి హ్యేజిన్‌కి అందించింది. భయంతో కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువమ్మా. గాటు ఎంతవరకు పెట్టను?"

"మొదలు దగ్గర కొంచెమే... మిగతాది చేత్తో చీల్చాలి. మర్చిపోయావా పిచ్చిదానా?" అంటూనే భోరుమంది.

కోయడం అయ్యాక హ్యేజిన్ కత్తి కడిగి తల్లి చేతికే ఇచ్చింది. మల్‌సూన్ బియ్యం జాడీ వైపు ఒక అడుగు వేసింది. అక్కడే ఆగి, కళ్ళు తుడుచుకుని, కత్తిని పొయ్యి పక్కన, ఒకప్పుడు అది వేలాడిన పాత మేకుకే తగిలించింది.